నూట ఎనభై అంగలు

పుల్లమ్మకు ఆ మాట సత్తమ్మ చెప్పిందట. సత్తమ్మకు దేవరకొండ దవాఖానలో గదులూడ్చే మరదలు చెప్పిందట. మూడు నోళ్లు మారి వచ్చిన మాట కాబట్టి పుల్లమ్మ దొడ్డిగోడ మీద రెండు మోచేతులూ ఆనించి, తన వంతు ఉప్పూకారం కూడా కలిపి మరీ చెప్పింది.

"అవునే బీరమ్మా, జమేదారు బొక్కలల్లకెల్లి తీసిన గుండు ఎంతున్నదో ఎర్కనా? చింతగింజంత గూడ లేదంట! డాక్టరు పళ్లెంల ఏస్తే టింగుమన్నదంట. గది మందు కూరే భర్మారు తుపాకిది గాదంటనే, పిస్తోలుదంట. గీ అరచేతుల పడతదే, గది!"

పొయ్యి మీద జొన్నగట్క కలుపుతున్న బీరమ్మ తెడ్డు ఆపలేదు. ఆపితే పుల్లమ్మ మొఖంలోకి చూడాల్సి వస్తుంది.

"గుట్టకాడికెల్లి వాగుదాక పిస్తోలుతోటి కొట్టినోడు మామూలు మనిషా? ఆరడుగులుంటడంట. బర్మా లడాయికి పోయొచ్చిండంట. గాడ పులి కార్జం పచ్చిగ తిన్నడంట. గందుకే గట్ల సూపు వచ్చిందంట."

"ఎవలు చూసిన్రంట?"

"చూసినోళ్లు బతుకుతరానే?" పుల్లమ్మ గొంతు తగ్గించింది. "ఇనుస్పెక్టరు సారుకు నిద్ర పడతలేదంట. వాడు దొరికినదాంక ఊరిడిశి పోనన్నడంట."

ఆ ఆరడుగుల మనిషి జొన్నచేలో నిలబడితే కంకుల మీదికి తల కనబడదనీ, పులి కార్జం మాట దేవుడెరుగు, మూడు దినాలుగా గట్క ముద్ద కూడా గొంతు దిగడం లేదనీ పుల్లమ్మకు తెలియదు. తెలిస్తే గోడ మీద మోచేతులు అలా నిలిచేవి కావు.

రజాకార్లు పోయి, యూనియన్ మిలిటరీ వచ్చి అప్పటికి నాలుగు నెలలు. పట్నం పారిపోయిన దొర నెత్తిన కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని గడీకి తిరిగొచ్చాడు. వెంట జమేదారు, జమేదారు చేతిలో అదే పాత కొరడా. సంఘం పంచిన చెలకలను మళ్లీ గుంజుకునే పని మొదలైంది. మూడు దినాల కింద పొద్దుగూకే వేళ, వాగు దాటేచోట జమేదారూ ఊరి పోలీసు పటేలూ భుజం భుజం రాసుకుంటూ నిలబడి మాట్లాడుకుంటుంటే, అవతల గుట్ట దిక్కునుంచి ఒకే ఒక్క చప్పుడు వినబడింది. జమేదారు పటేలు కాళ్ల మీద కూలాడు. రెండోనాడు దవాఖానలో ప్రాణం విడిచాడు. కొరడా పోయిందని ఊరు లోలోపల సంబరపడింది. పైకి మాత్రం ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు.

ఆ చప్పుడు చేసింది బీరమ్మ. గుట్ట కింద తమ జొన్నచేనుకు పిట్టలు కొట్టడానికి పోయి, మంచె దిగి, బండ చాటున కూచుని కొట్టింది. కట్టుకున్న మొగుడు జానయ్యకు కూడా ఆ సంగతి తెలియదు.

పిస్తోలు ఆమె తమ్ముడు మైసయ్యది. పట్నంలో రెండేండ్లు ఫౌజులో పనిచేసి పారిపోయి వచ్చి దళంలో కలిసినవాడు. నెల కింద పిస్తోలు అక్కకిచ్చి, ఆమెదే కోత అయిపోయిన ఇంకో చెలకలో జొన్నచొప్ప కుప్పలో దాగి ఉంటే పోలీసులు వచ్చారు. చెలకలో కుప్పలు తొమ్మిది. వాళ్లు ఎనిమిదింటిని ముట్టుకోకుండా నేరుగా తొమ్మిదోదాని దగ్గరికే పోయారు. కట్టేసి దేవరకొండ బాట పట్టించారు. దారిలో పారిపోబోయాడని, కాల్చక తప్పలేదని మర్నాడు కబురు పంపారు. కాళ్లకు కట్టిన తాడు శవానికి అలాగే ఉంది. తాడుతో ఎట్లా పారిపోయాడని అడిగే దిక్కు లేదు.

తొమ్మిదో కుప్పను ఎవరు చూపించారో ఊరికి తెలియదు. బీరమ్మకు తెలుసు. ఆ పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు.

గట్క దించుతుండగా పోలీసు ఈల వినబడింది. దానివెంట ఇంకొకటి, ఊరికి ఆ కొసన.

"మగోళ్లంత వాగొడ్డుకు రావాలె! ఒక్కడు ఇంట్ల దొరికినా ఇల్లు కాలుస్తరు!" అని దండోరా వేసే మస్కూరి వీధంట ఉరుకుతూ అరుస్తున్నాడు. గొర్లను దొడ్లోంచి తోలబోతున్న జానయ్య గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏంది గట్ల చూస్తున్నవ్?" అన్నాడు పెండ్లాంతో. "నేనేం చేసిన్నే? లెక్క పెట్టుకొని ఇడుస్తరు. గొర్లకు జర నీళ్లు సూపియ్యి."

పిస్తోలు ఆ గొర్ల దొడ్లోనే, మోకాలిలోతు పెంట కింద, నూనెగుడ్డలో చుట్టి ఉంది. జానయ్య దానిమీదనుంచే నడిచి పోయాడు.

*

వాగొడ్డున మగవాళ్లను వరసగా కూచోబెట్టారు. ఆడవాళ్లను తాడుకట్టి ఇవతల ఆపారు. వెనక మలబారు పోలీసులు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరు సర్కారు జిల్లాలవాడు. బక్కపలచని మనిషి, కళ్లద్దాలు, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. వచ్చిన మూడు దినాల్లో ఒక్కణ్ణి కొట్టలేదు, ఒక్కణ్ణి తిట్టలేదు. కొట్టే పోలీసును చూస్తే పుట్టే భయం ఊరికి పాతదే, అలవాటైనదే. కొట్టనివాడికి ఎట్లా భయపడాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. అందుకే అందరూ ఎక్కువ భయపడ్డారు.

"కూర్చోండి, కూర్చోండి" అన్నాడు, అప్పటికే కూచున్నవాళ్లతో. "నాది ఇరవై రెండేళ్ల సర్వీసు. పిస్తోలు అనేది గదిలో వాడే వస్తువండీ. ఇరవై అంగలు దాటితే మంచి మంచి ఆఫీసర్లకే గుండు ఎటు పోతుందో తెలీదు. జమేదారు పడినచోటు నుంచి గుట్ట కింది ఆ బండ దాకా నేనే నడిచి చూశాను. నూట ఎనభై అంగలు. నమ్మకం కలక్క మళ్లీ నడిచాను. నూట ఎనభైయే."

లవంగాన్ని ఆ బుగ్గనుంచి ఈ బుగ్గకు మార్చాడు.

"అంత దూరం పిస్తోలుతో కొట్టగలవాళ్లను నా జన్మలో ఇద్దర్నే చూశాను. ఇద్దరూ ఇంగ్లీషు దొరలే. మూడోవాడు మీ ఊళ్లో ఉన్నాడు. ఆయన్ని ఒక్కసారి చూసిపోదామని ఆగాను."

తర్వాత కుమ్మరి భిక్షపతి ఇంటినుంచి కుండలు తెప్పించి, నలభై అంగల దూరంలో రాయి మీద ఒకటి పెట్టించాడు. ఒక్కొక్కరు వచ్చి పిస్తోలు పట్టుకోవాలి, నాలుగుసార్లు మీట నొక్కాలి. అంతే. కుండ పగిలినా పగలకపోయినా ఎవర్నీ ఏమీ అననన్నాడు. వెనక ఇద్దరు పోలీసులు తుపాకి మొనలు వీపుకు ఆనించి నిలబడతారు. కాబట్టి గొట్టం ఇటు తిప్పే సాహసం ఎవరూ చేయొద్దన్నాడు.

పోలీసు పటేలు వరసల మధ్య తిరుగుతూ, సారుకు వినబడకుండా, ఒక్కొక్కడి చెవిలో ఊదాడు. "ఎవలు గూడ తగలనియ్యకుండ్రి. తగిలినోడు సచ్చినోడే. నా మాటినుండ్రి, ఆకాశానికి కొట్టుండ్రి."

"పటేలు ఉన్నందుకే ఊరు బతికిపోతాంది" అంది పుల్లమ్మ, బీరమ్మ చెయ్యి పట్టుకుని. బీరమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది.

మొదట కల్లుగీత గాలయ్యను లేపారు. ఎంత ఎత్తు తాటిచెట్టైనా తొణక్కుండా ఎక్కేవాడు, పిస్తోలు చేతికొచ్చేసరికి గజగజ వణికాడు. కళ్లు మూసుకుని నొక్కాడు. పేలింది. పిస్తోలును కింద పారేసి, "ఓయవ్వో, సచ్చిన!" అని కూలబడ్డాడు. పోలీసులు నవ్వారు. మళ్లీ లేపి చేతికిచ్చారు. రెండోసారి టిక్కుమంది, గుండు లేదు. అయినా గాలయ్య ఎగిరిపడ్డాడు.

తర్వాత భిక్షపతి. "నా కుండను నేనే ఎట్ల కొట్టుకోవాలె సారు? పొద్దున్నే ఆవంల నుంచి తీసిన" అని దండం పెట్టాడు. "కొట్టవయ్యా, తగలదులే" అన్నాడు ఇన్‌స్పెక్టరు దయగా. తగల్లేదు.

మూడోవాడు, నాలుగోవాడు, అయిదోవాడు. గుండ్లు వాగు దాటి ఎటో పోతున్నాయి. కుండ నిమ్మళంగా ఉంది. ఆడవాళ్లు ఊపిరి వదలడం మొదలుపెట్టారు. ఒకామె అయితే పోపు మాడుతుందని ఇంటికి పోతానని కూడా అడిగింది.

బీరమ్మ ఊపిరి మాత్రం అప్పుడే ఆగింది. ఇన్‌స్పెక్టరు కుండను చూడడం లేదు.

ఒక్కసారి కూడా చూడలేదు. ప్రతిసారీ తానే పిస్తోలు తెరిచి, అరచెయ్యి అడ్డం పెట్టి కొన్ని అరల్లో గుండ్లు, కొన్ని అరల్లో ఉత్త తొడుగులు వేసి, తిప్పి ఇస్తున్నాడు. పేలినప్పుడు చూపు పక్కకు పెడుతున్నాడు. ఉత్తగా టిక్కుమన్నప్పుడు మాత్రం ముందుకు వంగి, కళ్లద్దాల్లోంచి పిస్తోలు ముక్కునే చూస్తున్నాడు.

ఆ పని ఆమెకు తెలుసు. గుట్ట వెనక లోయలో మైసయ్య అదే చేసేవాడు. అక్కకు తెలియకుండా ఉత్త తొడుగు వేసి ఇచ్చి, పక్కన కూచుని గొట్టాన్ని చూసేవాడు. "పేలినప్పుడు అందరి చెయ్యి ఎగురుతదే అక్కా, గదేం లెక్కల రాదు. పేలనప్పుడు చూడాలె. కొత్తోని చెయ్యి దెబ్బకు భయపడి ముందే కిందికి దుంకుతది. నేర్సినోని చెయ్యి రాయోలె ఉంటది. మనిషి అబద్ధమాడొచ్చు గని ఉత్త తూటా కాడ చెయ్యి ఆడది."

కుండ ఒక ఎర. పటేలు చెవిలో ఊదిన తెలివి కూడా ఆ ఎర చుట్టూనే తిరుగుతోంది. ఆకాశానికి కొట్టినా, భూమికి కొట్టినా, ఆ కళ్లద్దాలకు కావలసింది దొరుకుతుంది.

అయినా ఆమె తనకు తాను ధైర్యం చెప్పుకుంది. నేర్చిన చెయ్యి ఆ వరసలో లేదు. తాడుకు ఇవతల ఉంది. జానయ్య పిస్తోలు ముట్టినవాడు కాదు, అందరిలాగే ఎగిరిపడతాడు, ఇంటికొస్తాడు.

జానయ్యను లేపారు.

గొంగడి మడిచి కింద పెట్టి వచ్చాడు. పిస్తోలు తీసుకుని, పటేలు చెప్పినట్టే గొట్టాన్ని కుండకు దూరంగా, తుమ్మచెట్టు మీదికి పెట్టాడు. నొక్కాడు. పేలింది. చెట్టుమీది కొంగలు లేచిపోయాయి. మళ్లీ నొక్కాడు.

టిక్.

గొట్టం కదల్లేదు.

మళ్లీ నొక్కాడు. టిక్. తుమ్మకొమ్మ మీద పెట్టిన గొట్టం తుమ్మకొమ్మ మీదే ఉంది.

ఇన్‌స్పెక్టరు లవంగం ఉమ్మేశాడు.

ఎందుకు కదల్లేదో బీరమ్మకు తెలుసు. అది గొర్రె బొచ్చు కత్తిరించే చెయ్యి. బొచ్చు కత్తెరకు రెండు కత్తి ఆకులు, నడుమ వంగే ఇనప బద్ద. గొర్రెను రెండు మోకాళ్ల మధ్య పట్టి, బద్దను మెల్లమెల్లగా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో గొర్రెకే తెలియనట్టు నొక్కాలి. నడుమ గొర్రె తన్నినా చెయ్యి అదరకూడదు. అదిరితే తోలు తెగుతుంది, తెగినచోట పురుగు పడుతుంది. పదేండ్ల వయసునుంచి ముప్పై అయిదేండ్లదాకా ఏడాదికి రెండుసార్లు వందల గొర్ల మీద అలా నొక్కిన చెయ్యి అది. ఏది చేతికిచ్చినా అలాగే నొక్కుతుంది. పేలినా అంతే, పేలకున్నా అంతే.

"ఏం పని చేస్తావయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గొర్లు కాస్త సారు."

"ఫౌజులో చేశావా?"

"లేదు సారు. ఫౌజుల మా బామ్మర్ది చేసిండు."

ఆ మాట అనవలసింది కాదు. జానయ్యకు అబద్ధం తోచదు, నిజం దాచడం అంతకన్నా తోచదు.

"ఓహో. ఎవరా బావమరిది?"

చెప్పాడు. ఇన్‌స్పెక్టరు తల ఊపి, పిస్తోలు తీసుకుని ఆరు అరల్లోనూ ఉత్త తొడుగులే వేసి, "మళ్లీ ఒక్కసారి, నా కోసం" అని ఇచ్చాడు. ఆరు టిక్కులు. ఆ గొట్టం మీద పోకచెక్క నిలబెట్టినా పడేది కాదు.

"చాలు. కట్టండి. దేవరకొండ పంపించండి."

"సారూ!" జానయ్య నోరు తెరిచాడు. "నాకు తగల్లే గద సారు! కుండ ఎట్లున్నది గట్లనే ఉన్నది, మీరే చూడుండ్రి!"

మోచేతులు వెనక్కి విరిచి కడుతున్నా వాడి కళ్లు కుండ మీదే ఉన్నాయి. అది అలా చెక్కుచెదరకుండా ఉండి కూడా తనవైపు సాక్ష్యం చెప్పకపోవడం వాడికి అర్థం కావడం లేదు.

దేవరకొండ బాట ఎట్లాంటిదో ఊళ్లో ప్రతి మనిషికీ తెలుసు. జానయ్య కాళ్లకు తాడు వేస్తుంటే ఆడవాళ్లలో ఎవరో గొల్లుమన్నారు. బీరమ్మ ఏడవలేదు. నోరు తెరిస్తే తనకు ఉరి, మూస్తే మొగుడికి తూటా. తాడు కింద దూరింది. "ఓసి, యాడికే!" అని పుల్లమ్మ కొంగు పట్టుకుంటే కొంగు చిరిగింది కానీ ఆమె ఆగలేదు.

"ఆయన గాదు సారు. నేను కొట్టిన."

పోలీసులు ఒకరి మొఖం ఒకరు చూసుకుని నవ్వారు. పటేలు గబగబా ముందుకొచ్చాడు.

"మొగుని మీద పానం పోయి మొత్తుకుంటాంది సారూ. పిస్సది. ఏ బీరమ్మా, పోయే ఇంటికి! సారుకు నేను చెప్పుకుంట గద."

"బీరీ!" జానయ్య కసిరాడు. "సోయున్నదా నీకు? గొర్లను ఇడిశిపెట్టి గీడేం పని?"

ఆమె ఇద్దర్నీ చూడలేదు. "గది గొర్రె బొచ్చు కత్తిరిచ్చే చెయ్యి సారు. గందుకే కదల్లే. కుర్మోళ్ల చేతులు గట్లనే ఉంటయి. కదిలితే తోలు తెగుతది. కావాలంటే కత్తెర దెప్పిచ్చి సూడుండ్రి. ఆయనకు పిస్తోలు సంగతి ఏం తెల్వది."

నవ్వులు ఆగాయి. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచాడు. ఆమెకు నాలుగడుగుల దూరంలోకి వచ్చి నిలబడ్డాడు. లవంగం వాసన తగిలింది.

"ఇక్కడున్న వందమందీ నేను కుండను చూస్తున్నాననుకున్నారమ్మా. మీ పటేలు గారితో సహా. చెయ్యి కదలడం కోసం చూస్తున్నానని నీకెవరు చెప్పారు?"

ఆ ఒక్క ప్రశ్నతో తాను ఎక్కడ నిలబడిందో తెలిసింది. ఇక వెనక్కి అడుగు లేదు.

"నేర్సినోళ్లకు తెలుస్తది సారు" అంది.

"ఎవరు నేర్పారు?"

"సచ్చినోడు."

ఇన్‌స్పెక్టరు కాసేపు ఆమె చేతులను చూశాడు. పిడకలు కొట్టిన చేతులు, వడిసెల తాడు ఒరుసుకుని చూపుడువేలి మీద కాయ కాసిన చేతులు. తర్వాత ఒక పోలీసును పిలిచి, కొత్త కుండ ఇచ్చి, గుట్ట కింది బండ మీద పెట్టి రమ్మన్నాడు. వాడు నడుస్తుంటే అంగలు తానే పైకి లెక్కపెట్టాడు. నూట ఎనభై దగ్గర వాడు వంగి కుండను పెట్టాడు. ఇక్కణ్ణుంచి అది గురిగింజంత కనబడింది.

"ఒకే ఒక్క తూటా" అన్నాడు. "తగిలితే నీ మాట నమ్ముతాను. ఆయన ఇంటికి, నువ్వు నాతో. తగలకపోతే నువ్వు ఇంటికి. ఆయన దారి ఆయనది."

పోలీసులు జానయ్యను మోకాళ్ల మీద కూచోబెట్టి తుపాకిని మెడకు ఆనించారు. ఇంకో రెండు తుపాకులు ఆమె వీపుకు. పిస్తోలు చేతికొచ్చింది. తమ్ముడిదానికన్నా బరువు. ఇనుము ఎండకు కాలుతోంది.

"కూసోవచ్చునా సారు?"

ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అంతవరకూ వచ్చిన ప్రతి మగవాడూ, సినిమా దొరలాగా చెయ్యి చాపి నిలబడి కొట్టినవాడే. "కూర్చో" అన్నాడు నెమ్మదిగా.

ఆమె వాగొడ్డు బండకు వీపు ఆనించి, మోకాళ్లు పైకి లేపి, చీరె కుచ్చిళ్లు వాటి నడుమ దోపింది. రెండు చేతులూ కలిపి పట్టి, మణికట్లను మోకాళ్ల మధ్య బిగించింది. మేకపాలు పిండేటప్పుడు గిన్నెను బిగించినట్టు.

మైసయ్య మాట చెవిలో ఉంది. 'కుండను ఇడిశి ఆకాశం దిక్కు చూడకు. కుండను గొట్టం కొసకున్న గింజ మీద నిలబెట్టు. గింజను గొట్టం ఎనక సందులకెల్లి పైకి లేపు. సగం గింజ లేస్తే నూరంగలు. నిండు గింజ లేస్తే రెండు నూర్లు. దూరమున్న కొద్ది గుండు కిందికి వాలుతది, నువ్వు గింజను లేపుతవు, లెక్క సరిపోతది.' ఆమె గింజను లేపింది. నిండుగా కాదు, వెంట్రుకవాసి తక్కువ. దాని నెత్తిన కుండ నల్లటి చీమలా నిలిచింది. గాలి పీల్చి సగం వదిలింది. మీటను గుంజడం కాదు, దానిమీద బరువు పెంచుకుంటూ పోవడమే. జానయ్య కత్తెర నొక్కినట్టు.

కాని ఆమె చెయ్యి జానయ్య చెయ్యి కాదు. చిన్ననాటినుంచి మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన చెయ్యి. రాయి వదిలే ఆఖరి క్షణంలో మణికట్టు ఎడమకు ఒక్క మలుపు తిరుగుతుంది. ఆ మలుపు లేకపోతే రాయి పోదు. మైసయ్య ఎంత తిట్టినా ఆ మలుపు పోలేదు. దగ్గరి గురికి అది లెక్కలోకి రాదు. దూరం పోయేకొద్దీ పెరుగుతుంది.

పేలింది.

కొంగలు మళ్లీ లేచాయి. చప్పుడు గుట్టకు కొట్టుకుని తిరిగి వచ్చింది. బీరమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. బండ మీద కుండ అలాగే ఉంది. దాని పక్కన రాయి మీద తెల్లటి మచ్చ లేచింది.

పుల్లమ్మ నెత్తి కొట్టుకుంది. జానయ్య మొఖంలో మాత్రం వింతగా ఒక నెమ్మది కనబడింది. పెండ్లాం బతికింది, అంతవరకే వాడి లెక్క.

పటేలు చేతులు జోడించాడు. "తప్పింది గద సారూ! నేను చెప్పలేదా? పిస్సది, మొగుని కోసం అడ్డం పడ్డది. దాన్ని ఇడిశిపెట్టుండ్రి. జానయ్యను గూడ జర దయ చూడుండ్రి, ఊరు మీ పేరు చెప్పుకుంటది."

ఇన్‌స్పెక్టరు దుర్బీను తీసి బండ మీది మచ్చను చాలాసేపు చూశాడు. పిస్తోలును ఆమె చేతిలోంచి తానే తీసుకున్నాడు. దానికి తొందరపడలేదు.

"ఎత్తు తప్పలేదు పటేలు గారూ" అన్నాడు. "కుండ నడుముకు సరిగ్గా సమంగా ఉంది మచ్చ. నా సర్వీసులో ఆ ఎత్తు పెట్టగలిగినవాళ్లను చెప్పాను కదా, ఇద్దర్నే చూశాను. మొట్టమొదటిసారి పిస్తోలు పట్టినదానికి అది రాదు." దుర్బీను దించి బీరమ్మ వైపు తిరిగాడు. "పక్కకు మాత్రం మూరెడు పోయింది. అదే నాకు అర్థం కావడం లేదమ్మా. జమేదారుకు తప్పని చెయ్యి, కుండకు మూరెడు ఎందుకు తప్పింది? ఆనాడు కొట్టింది నువ్వే అయితే, చెప్పు."

జానయ్య మెడ మీద తుపాకి మొన ఇంకాస్త నొక్కింది. బీరమ్మ లేచి నిలబడింది. ఇంతసేపటిలో మొదటిసారి పటేలు మొఖంలోకి నేరుగా చూసింది. అతని చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"ఆనాడు గూడ గింతే తప్పింది సారు. నేను కొట్టింది జమేదారును గాదు. ఆయన పక్కపొంటి నిలబడ్డ, తొమ్మిదో కుప్పను చూపిచ్చిన గీ పటేలును."

పటేలు జోడించిన చేతులు విడిపోయాయి.